ఇంట్లో వచ్చే ఇంగ్లీషు, బడిలో నేర్చే ఇంగ్లీషు

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వారు నన్ను ఇంగ్లీషు గురించి మాట్లాడమన్నారు. కారణం ఉంది. స్వర్ణోత్సవ నిధిలో కొంత సొమ్ము మన బడి పిల్లలకు ఇంగ్లీషు నేర్పించడానికి ఖర్చు పెట్టాలని అనుకుంటున్నారు. నలభై రోజుల స్పోకెన్ ఇంగ్లీషు కోర్సు పెడదామని కొందరు, డిజిటల్ క్లాస్‌రూమ్ కడదామని కొందరు అంటున్నారు. డబ్బు మనది, పిల్లలు మన బడి పిల్లలు. కాబట్టి ఖర్చు పెట్టే ముందు, అసలు ఒక భాష మనిషికి ఎలా వస్తుందో కాస్త ఆలోచిద్దాం.

నేను భాషాశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాదు. మెకానికల్ ఇంజనీరుని. ముప్ఫై ఏళ్ళుగా పంపులు, టర్బైన్లు, వాల్వులతో కాలక్షేపం. కానీ ఆ ముప్ఫై ఏళ్ళూ కొరియా వాళ్ళతో, జర్మన్లతో, ఫిలిప్పీన్స్ వాళ్ళతో, ఇంగ్లండు వాళ్ళతో ఇంగ్లీషులోనే పనిచేశాను. ఆ అనుభవంతో, దాని మీద ఆసక్తితో చదివిన నాలుగు విషయాలతో మీ ముందు నిలబడ్డాను.

ముందుగా ఒక చిన్న సంగతి. మన పదో తరగతి మార్కుల మెమో గుర్తుందా? ఫస్ట్ లాంగ్వేజ్ తెలుగు. సెకండ్ లాంగ్వేజ్ హిందీ. ఇంగ్లీషు థర్డ్ లాంగ్వేజ్. అంటే ప్రభుత్వ లెక్క ప్రకారం ఇంగ్లీషు మనకు రెండో భాష కూడా కాదు, మూడోది. బడి దాటి కాలేజీలో అడుగుపెట్టగానే అదే మొదటి భాష అయి కూర్చుంది. ఆ రెండు నెలల వేసవి సెలవుల్లో మూడోది మొదటిది ఎలా అవుతుందో మనకెవరూ చెప్పలేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం ఇంగ్లీషు తమ మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు మన దేశం మొత్తం మీద సుమారు 2 లక్షల 60 వేల మంది. తెలుగు మాతృభాష అన్నవాళ్ళు 8 కోట్ల పైచిలుకు. అంటే మన దేశంలో ఆఫీసుల్లో, కోర్టుల్లో, కాలేజీల్లో ఇంగ్లీషు మాట్లాడే కోట్ల మందిలో దాదాపు అందరూ మనలాగా తర్వాత నేర్చుకున్నవాళ్ళే. అయినా "మాకు ఇంగ్లీషు సరిగా రాదండీ" అని తల వంచుకుంటాం. ఎవరితో పోల్చుకుని? లండన్‌లో పుట్టి పెరిగినవాడితో. ఆ పోలిక సరైనదేనా అన్నది చూడాలి.

ఇంగ్లీషు ఇంటి భాషగా ఉన్న పిల్లవాడికి అది ఎలా వస్తుంది? చెవి ద్వారా వస్తుంది. పుస్తకం లేదు, మాస్టారు లేరు, పరీక్ష లేదు. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ముచ్చటైన ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలోని పసిపిల్లలకు హిందీలోని 'ట', 'త' ధ్వనులు వినిపించారు. ఇంగ్లీషులో ఆ తేడా లేదు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ తేడా ఇట్టే పట్టేశారు. పది పన్నెండు నెలలు వచ్చేసరికి వాళ్ళలో చాలామందికి ఆ తేడా తెలియడం లేదు. అంటే ఏడాది నిండేలోపే చెవి తన ఇంటి భాషకు తగ్గట్టు సర్దుకుంటుంది. అవసరం లేని తేడాలను వదిలేస్తుంది. మన పిల్లల చెవి 'ట', 'త', 'ళ', 'ల' తేడాలను గట్టిగా పట్టుకుంటుంది. ఇంగ్లీషు పిల్లల చెవి 'వి', 'డబ్ల్యూ' తేడాను పట్టుకుంటుంది. మనకు ఆ రెండూ 'వ' గానే వినిపిస్తాయి. అది మన తెలివితక్కువతనం కాదు, చెవి చేసుకున్న ఏర్పాటు.

తర్వాత వ్యాకరణం. 1958లో జీన్ బెర్కో అనే ఆవిడ చిన్నపిల్లలకు ఒక వింత పిట్ట బొమ్మ చూపించి "ఇది వగ్" అన్నారు. అలాంటి మాటే ఇంగ్లీషులో లేదు, ఆవిడ కల్పించింది. తర్వాత అలాంటివి రెండు చూపించి, "ఇప్పుడు ఇవి రెండు...?" అని ఆగారు. పిల్లలు చక్కగా "వగ్జ్" అని బహువచనం చెప్పారు. ఎన్నడూ వినని మాటకు బహువచనం ఎలా చెప్పగలిగారు? విన్న వేల మాటల్లోంచి సూత్రాన్ని తామే లాగేసుకున్నారు కాబట్టి. అదే పిల్లలు "వెంట్" అనాల్సిన చోట "గోడ్" అంటారు, "ఫీట్" అనాల్సిన చోట "ఫుట్స్" అంటారు. మన పిల్లలు మాత్రం? "రా" నుంచి "రాను" వచ్చింది కదా అని "రాతాను" అనే బుడతలు మన ఇళ్ళలోనూ ఉంటారు. వాళ్ళను చూసి ముచ్చటపడతాం, ముద్దుపెట్టుకుంటాం. మార్కులు తగ్గించం. కొన్నాళ్ళకు అదే సర్దుకుంటుంది.

ఇప్పుడు ఇంజనీరు బుద్ధి కొద్దీ ఒక లెక్క వేస్తాను. ఇంట్లో పిల్లవాడు రోజుకు తక్కువలో తక్కువ నాలుగు గంటలు మాటలు వింటాడు, మాట్లాడతాడు అనుకుందాం. ఐదేళ్ళకు 7,300 గంటలు. మన బడిలో ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఇంగ్లీషు పీరియడ్ 45 నిమిషాలు. ఏడాదికి 200 రోజులు అనుకుంటే 150 గంటలు. ఐదేళ్ళకు 750 గంటలు. అంటే పదో వంతు. ఆ 45 నిమిషాల్లో 50 మంది పిల్లలుంటే, ఒక్కొక్కరికీ మాట్లాడే అవకాశం ఇచ్చినా మనిషికి నిమిషం రాదు. పైగా పాఠం చాలా భాగం తెలుగులోనే నడిచేది, నడవక తప్పేదీ కాదు. ఈ లెక్క చూశాక, మన మాస్టార్లు మనకు నేర్పిన ఇంగ్లీషు తక్కువ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఉన్న 750 గంటల్లో వాళ్ళు చేసింది చాలా ఎక్కువ.

రెండో తేడా వరుసలో ఉంది. ఇంటి భాష అయినవాడికి ముందు వినడం, తర్వాత మాట్లాడటం, ఐదేళ్ళకు చదవడం, చివరకు రాయడం. మనకు సరిగ్గా తలకిందులు. ముందు నాలుగు గీతల కాపీ పుస్తకంలో అక్షరాలు రాయడం, తర్వాత స్పెల్లింగు వల్లెవేయడం, తర్వాత చదవడం, మాట్లాడటం ఎప్పుడో ఉద్యోగం ఇంటర్వ్యూలో. వాళ్ళు చెవితో నేర్చారు, మనం కంటితో నేర్చాం.

ఈ తేడా ఇద్దరి తప్పుల్లోనూ తెలుస్తుంది. ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్ళు రాసే ఈమెయిళ్ళలో "కుడ్ హావ్" అని ఉండాల్సిన చోట "కుడ్ ఆఫ్" అని ఉండటం నేను చాలాసార్లు చూశాను. వాళ్ళ చెవికి రెండూ ఒకటే. "వాళ్ళ" అనే అర్థంలో ఒక "దేర్", "అక్కడ" అనే అర్థంలో మరో "దేర్", ఈ రెంటి స్పెల్లింగులూ తారుమారు చేస్తారు. మన బడిలో చదివినవాడు ఆ తప్పు చచ్చినా చేయడు. ఎందుకంటే మనకు ఆ మాటలు అక్షరాలుగా పరిచయమయ్యాయి, శబ్దాలుగా కాదు. మరి మన తప్పులు? "వెడ్నెస్‌డే" అని అన్ని అక్షరాలూ పలుకుతాం. తెలుగులో రాసిందే చదువుతాం కదా, ఇంగ్లీషు కూడా అంతే నిజాయితీగా ఉంటుందనుకున్నాం. ఆ భాషలో రాత ఒక దారి, పలుకు ఒక దారి అని మనకు ఆలస్యంగా తెలిసింది.

మూడో తేడా అన్నిటికంటే పెద్దది. మొదటి భాష నేర్చేవాడి పలక ఖాళీగా ఉంటుంది. రెండో భాష నేర్చేవాడి పలక మీద అప్పటికే ఒక భాష రాసి ఉంటుంది. మనం ఇంగ్లీషును తెలుగు పలక మీద రాశాం.

చూడండి, తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే బస్ మనకు బస్సయింది, రోడ్ రోడ్డయింది, బ్యాంక్ బ్యాంకయింది. మాట మొదట్లో 'ఎ' ఉంటే ముందు 'య' చేరుస్తాం, 'ఒ', 'ఓ' ఉంటే 'వ' చేరుస్తాం. కాబట్టి ఎగ్ "యెగ్", ఓన్లీ "వన్లీ". ఇంగ్లీషువాడి 'టి' మన 'ట' కాదు, 'త' కాదు, రెంటికీ మధ్యలో నాలుక ఆనుతుంది. మన చెవి దాన్ని 'ట' ఖాతాలో వేసింది. 'థింక్', 'దిస్' అనే మాటల్లో వాళ్ళు నాలుకను పళ్ళ మధ్య పెట్టి గాలి ఊదుతారు. మన చెవి వాటిని 'త', 'ద' ఖాతాలో వేసింది.

పలుకు కంటే ఆలోచన ఇంకా లోతుగా తెలుగులో ఉంటుంది. "కదా" అనే మాట మనకు ప్రాణం. "వస్తావు కదా, తిన్నావు కదా, వాళ్ళు వెళ్ళారు కదా". ఇంగ్లీషులో ఒక్కో దానికి ఒక్కో రూపం కావాలి. మనం అన్నిటికీ "ఇజింట్ ఇట్" ఒకటే తగిలిస్తాం. "నాకు ఇద్దరు అన్నదమ్ములున్నారు" అనే మాట "ఐ యామ్ హావింగ్ టు బ్రదర్స్" అవుతుంది. ఎ, యాన్, ది అనే మూడు చిన్న మాటలైతే తెలుగువాడికి జీవితకాలపు పరీక్ష. మన భాషలో అలాంటివి లేవు. ఆ మూడింటినీ ఇంగ్లీషు పిల్లవాడు ఏ సూత్రమూ తెలియకుండానే బడికి వెళ్ళే వయసుకు సరిగ్గా వాడేస్తాడు. సూత్రం చెప్పమంటే అరవై ఏళ్ళకు కూడా చెప్పలేడు. మనకు రెన్ అండ్ మార్టిన్ గ్రామరు పుస్తకంలోని సూత్రాలు కంఠతా వచ్చు, మాట్లాడేటప్పుడు మాత్రం "ది" జారిపోతుంది. మాతృభాష అయినవాడికి సూత్రం తెలియకపోయినా భాష వస్తుంది. మనకు భాష రాకముందే సూత్రం వస్తుంది.

ఇంతవరకు నవ్వుకునే విషయాలు. ఇప్పుడు నవ్వలేనివి చెబుతాను.

తెలుగులో "అట" అని ఒక చక్కటి మాట ఉంది. "పంపు ఆగిపోయిందట" అంటే నేను చూడలేదు, ఎవరో చెప్పారు అని. ఇంగ్లీషులో దీనికి సరైన మాట లేక మనవాళ్ళు చివర "ఇట్ సీమ్స్" అంటారు. ఇంగ్లీషువాడికి "ఇట్ సీమ్స్" అంటే "నాకు అలా అనిపిస్తోంది" అని అర్థం. మనం "ఎవరో చెప్పారు" అంటున్నాం, అతను "ఇతనికి అనుమానంగా ఉంది" అనుకుంటున్నాడు. ప్లాంటులో ఈ రెంటికీ చాలా తేడా. ఒకదానికి చెప్పిన మనిషిని వెతకాలి, రెండోదానికి పంపు దగ్గరకు వెళ్ళి చూడాలి.

"మనం", "మేము" కూడా అంతే. "ఈ పని మనం చేద్దాం" అంటే నువ్వూ ఉన్నావు. "మేము చేస్తాం" అంటే నువ్వు లేవు. ఇంగ్లీషులో రెండూ "వియ్". మీటింగులో "వియ్ విల్ డూ ఇట్" అని అందరూ సంతోషంగా లేచి వెళ్ళిపోతారు. వారం తర్వాత చూస్తే ఆ పని ఎవరూ చేసి ఉండరు. అందుకే మా సైట్లలో మీటింగు మినిట్స్‌లో "వియ్" అని రాయనివ్వను, మనిషి పేరు రాయాల్సిందే.

అన్నిటికంటే ప్రమాదకరమైనది "యస్". ఒక ఎడారి దేశంలో ప్లాంటు మొదలుపెడుతున్న రాత్రి. కంట్రోల్ రూమ్‌లో ఇంగ్లండాయన, కింద వాల్వు దగ్గర మన కుర్రాడు. పైనుంచి రేడియోలో ప్రశ్న: "వాల్వు తెరవలేదు కదా?" కుర్రాడి జవాబు: "యస్". తెలుగు లెక్కలో దాని అర్థం "అవును, మీరన్నది నిజమే, తెరవలేదు". ఇంగ్లీషు లెక్కలో అలాంటి ప్రశ్నకు "యస్" అంటే "తెరిచాను" అని కూడా అర్థం వస్తుంది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి రేడియో తీసుకుని, "వాల్వు ఇప్పుడు ఏ స్థితిలో ఉందో పూర్తి వాక్యంలో చెప్పు తమ్ముడూ" అన్నాను. "వాల్వు మూసి ఉంది సార్" అన్నాడు. అంతే, ఏ ప్రమాదమూ జరగలేదు. పక్కన ఉన్న కొరియా ఇంజనీరు నవ్వి, తమ భాషలో కూడా మనలాగే జవాబు చెబుతారని అన్నాడు. ఆ రాత్రి నుంచి ఆ సైట్లో ఒక నియమం పెట్టుకున్నాం. కాదు, లేదు కలిపి ప్రశ్న వేయకూడదు. యస్, నో అని ఒంటిమాటతో జవాబు చెప్పకూడదు. ఈ నియమం మాకే కాదు, ఇంగ్లండాయనకు కూడా.

ఇది ఎంత పెద్ద విషయమో విమానాల చరిత్ర చెబుతుంది. 1977 మార్చి 27న టెనెరిఫ్ దీవిలో రన్‌వే మీద రెండు జంబో విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. పొగమంచు, తొందర, రేడియోలో గోల, ఇలా చాలా కారణాలున్నాయి. వాటిలో భాష ఒకటి. డచ్ విమానం నుంచి "మేమిప్పుడు టేకాఫ్‌లో ఉన్నాం" అనే అర్థంలో వచ్చిన మాటను స్పెయిన్ కంట్రోలరు "టేకాఫ్‌కు సిద్ధంగా నిలబడి ఉన్నాం" అని అర్థం చేసుకున్నాడు. ఆ వాక్యం ఇంగ్లీషు మాటలతో చెప్పిన డచ్ వాక్యంలా ఉందని కొందరు భాషావేత్తలు అంటారు. కంట్రోలరు మొదట అన్న మాట "ఓకే". ఆ దుర్ఘటన తర్వాత రేడియో మాటల పద్ధతి మార్చారు. అసలు అనుమతి ఇచ్చేటప్పుడు తప్ప "టేకాఫ్" అనే మాట వాడకూడదు. ఆదేశం విన్నవాడు దాన్ని తిరిగి అప్పజెప్పాలి.

మన దేశంలో 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ దగ్గర ఆకాశంలో రెండు విమానాలు ఢీకొని 349 మంది పోయారు. కజకిస్తాన్ విమాన సిబ్బందికి ఇంగ్లీషు చాలినంత రాకపోవడం కూడా ఒక కారణమని విచారణలో తేలింది. ఆ తర్వాత అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పైలట్లకు, కంట్రోలర్లకు ఇంగ్లీషు ప్రమాణాలు పెట్టింది. 2008 మార్చి నుంచి అవి అమల్లోకి వచ్చాయి. ఆరు మెట్లలో కనీసం నాలుగో మెట్టు అందుకోవాలి. అందులో నాకు నచ్చిన అంశం ఏమిటంటే, ఆ ప్రమాణాలు ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్ళకు కూడా వర్తిస్తాయి. ఎదుటివాడికి అర్థమయ్యేలా మాట్లాడటం ఎవరికీ పుట్టుకతో రాదు. అది అందరూ నేర్చుకోవలసిందే. నా అనుభవం కూడా అదే. పది దేశాల వాళ్ళు కూర్చున్న మీటింగులో కొరియావాడి మాట, బ్రెజిల్‌వాడి మాట అందరికీ అర్థమవుతుంది. అర్థం కాని మాట ఒక్కోసారి ఇంగ్లీషు ఇంటి భాష అయినవాడిదే ఉంటుంది. గడగడా మాట్లాడతాడు, వాళ్ళ ఊరి నుడికారాలు కలుపుతాడు.

మరి వయసు సంగతి? చిన్నప్పుడు మొదలుపెడితేనే భాష వస్తుందనే మాటలో నిజం ఉంది. ఎరిక్ లెనెబర్గ్ 1967లో తన పుస్తకంలో భాష నేర్చుకోవడానికి ఒక వయసు హద్దు ఉంటుందని వాదించాడు. 2018లో దాదాపు 6 లక్షల 70 వేల మంది సమాధానాలు పరిశీలించి చేసిన ఒక అధ్యయనంలో, వ్యాకరణం పట్టుకునే శక్తి సుమారు 17 ఏళ్ళ దాకా బాగానే ఉంటుందని, తర్వాత తగ్గుతుందని తేలింది. అచ్చం మాతృభాష వాళ్ళలా రావాలంటే మాత్రం పది పన్నెండేళ్ళ లోపు మొదలుపెట్టాలట. ఉచ్చారణ అంతకంటే ముందే గట్టిపడుతుంది. జోసెఫ్ కాన్రాడ్ పోలిష్ కుటుంబంలో పుట్టాడు, ఇరవై ఏళ్ళు దాటాక ఇంగ్లీషు నేర్చుకున్నాడు, ఇంగ్లీషు నవలాకారుల్లో మొదటి వరసలో నిలిచాడు. మాట్లాడితే మాత్రం చివరిదాకా పోలిష్ యాసే. యాస వేరు, భాష వేరు అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇక్కడ తల్లిదండ్రులు ఒక పొరపాటు లెక్క వేస్తున్నారు. చిన్నప్పుడే మొదలుపెట్టాలి కాబట్టి తెలుగు మానేసి అన్నీ ఇంగ్లీషులోనే చెప్పించాలి అనుకుంటున్నారు. పసివాడికి భాష రావడానికి కారణం వయసు ఒక్కటే కాదు, ఆ వేల గంటలు కూడా. ఇంట్లో ఆ గంటలు లేనప్పుడు, బడిలో సామాన్యశాస్త్రం పాఠం ఇంగ్లీషులో వల్లెవేయించినంత మాత్రాన భాష రాదు, శాస్త్రమూ రాదు.

కెనడాకు చెందిన జిమ్ కమిన్స్ అనే విద్యావేత్త ఈ విషయం మీద చాలా పనిచేశారు. కొత్త దేశానికి వచ్చిన పిల్లలకు ఆటపాటల భాష రెండేళ్ళలో వస్తుందని, పాఠాల భాష రావడానికి ఐదు నుంచి ఏడేళ్ళు పడుతుందని ఆయన చెప్పారు. ఒక భాషలో గట్టిగా అర్థమైన విషయం రెండో భాషలోకి సులువుగా వెళుతుందని కూడా అన్నారు. దీనికి రుజువు మనమే. మన బడిలో వేగం, త్వరణం, ద్రవ్యరాశి, బలం అని తెలుగులో నేర్చుకున్నాం. లెక్కలు చేశాం. ఇంటర్‌లో వెలాసిటీ, యాక్సిలరేషన్, మాస్, ఫోర్స్ అన్నారు. మొదటి మూడు నెలలు తల తిరిగింది. ఆ తర్వాత తెలిసింది, ఇవన్నీ పాత చుట్టాలే, కొత్త చొక్కాలు వేసుకొచ్చారని. త్వరణం తెలిసినవాడికి యాక్సిలరేషన్ ఒక్క మాట. తెలియనివాడికి అది ఒక పాఠం, ఒక మాట, రెండూ కలిసి ఒకేసారి మీద పడతాయి. ఇప్పుడు మన బడిలో కూడా ఇంగ్లీషు మీడియం వచ్చింది. అది ఉండాలా వద్దా అని నేను ఇక్కడ వాదించను. పాఠం ఇంగ్లీషులో ఉన్నా, పిల్లవాడికి అది ముందు తెలుగులో అర్థం కావాలని మాత్రం ఉపాధ్యాయ మిత్రులను వేడుకుంటున్నాను.

ఇదంతా మరో వైపు నుంచి చూడాలంటే అమెరికాలో పుట్టిన మన మనవలను, మేనల్లుళ్ళను చూడండి. వాళ్ళకు ఇంగ్లీషు ఇంటి బయటి గాలి, తెలుగు వారానికి ఒక తరగతి. సిలికానాంధ్ర మనబడి లాంటి చోట్ల వారాంతాల్లో అచ్చం మనం ఏబీసీడీలు దిద్దినట్టే అ ఆ ఇ ఈ దిద్దుతారు. తాతయ్య అంటే "టాటయ్య" అంటారు. చెవి 'త' ను 'టి' ఖాతాలో వేసేసింది మరి. అమ్మమ్మను "నువ్వు ఎప్పుడు వస్తారు?" అని అడుగుతారు. "యు" అనే ఒక్క మాటతో ప్రపంచమంతటినీ పిలిచేవాడికి నువ్వు, మీరు ఎందుకు రెండో అర్థం కాదు. ఆ పిల్లవాడిని చూసి మనం నవ్వం, "మా బంగారం, తెలుగు మాట్లాడుతున్నాడు" అని మురిసిపోతాం. అదే తరహా ఇంగ్లీషు మన ఊరి పిల్ల మాట్లాడితే మాత్రం ఎగతాళి చేస్తాం. ఈ రెండు నాలుకల ధోరణి మనం మానుకోవాలి. ఇంగ్లీషు రాకపోవడం కంటే, నవ్వుతారేమోనన్న భయం వల్ల నోరు మూతపడిన పిల్లలే ఎక్కువ.

ఇక మన నిధి సంగతి. నలభై రోజుల కోర్సుకు రోజుకు గంట చొప్పున 40 గంటలు. 7,300 గంటల ముందు అది ఏ మూలకు? గోడ మీద పెద్ద తెర పెడితే పిల్లలు చూస్తారు, మాట్లాడరు. నా లెక్క ఇది. పిల్లవాడు రోజుకు అరగంట ఇంగ్లీషు వింటే, చదివితే, మాట్లాడితే, ఏడాదికి 180 గంటలు దాటుతాయి. మొత్తం బడి పీరియడ్ల కంటే ఎక్కువ. ఆ అరగంట సమకూర్చడానికి నాలుగు పనులు ప్రతిపాదిస్తున్నాను.

ఒకటి, మన లైబ్రరీ గది తాళం తీసి, పిల్లల స్థాయికి తగిన చిన్న చిన్న ఇంగ్లీషు కథల పుస్తకాలు, వాటి పక్కనే తెలుగు కథల పుస్తకాలు పెట్టాలి. ఇంటికి ఇవ్వాలి. పుస్తకం నలిగితే నలగనివ్వాలి, చిరిగితే కొత్తది కొందాం.

రెండు, ఆ కథలను చదివి వినిపించాలి. అక్షరం చూస్తూ శబ్దం వినడం మనకు దొరకని వరం. ఫోనులో రికార్డు చేసి పంపడానికి మన సంఘంలో వందమంది ఉన్నారు. తెలుగు యాసతో చదివినా ఫరవాలేదు, స్పష్టంగా చదివితే చాలు.

మూడు, మనలో ప్రతి ఒక్కరూ వారానికి ఒక్కసారి, శనివారం సాయంత్రం ఇరవై నిమిషాలు, బడి ఫోను ద్వారా ఇద్దరు పిల్లలతో ఇంగ్లీషులో మాట్లాడాలి. వాళ్ళ ఊరు, వాళ్ళ ఆట, వాళ్ళ గేదె, ఏదైనా సరే. ఉపాధ్యాయులు దగ్గరుండాలి. మాటమాటకూ దిద్దవద్దు. పిల్లవాడు "గోడ్" అంటే మనం "వెంట్" అని మన వాక్యంలో వాడితే చాలు. తల్లులు చేసేది అదే.

నాలుగు, పదో తరగతి పిల్లలకు సెలవుల్లో నెల రోజులు వంతెన పాఠాలు చెప్పాలి. తెలుగులో తెలిసిన లెక్కల, సైన్సు విషయాలకు ఇంగ్లీషు పేర్లు. మన బ్యాచ్‌ల్లో ఇంటర్ మొదటి ఏడాదే చదువు వదిలేసినవాళ్ళు మీకందరికీ తెలుసు. వాళ్ళలో కొందరు లెక్కల్లో మనకంటే చురుకైనవాళ్ళు. వాళ్ళను ఆపింది లెక్కలు కాదు. మరో తరం అక్కడే ఆగిపోకూడదు.

వీటికి సొమ్ము తక్కువే చాలు. కావలసింది మన సమయం. చెక్కు రాసి ఇవ్వడం సులువు, శనివారం ఇరవై నిమిషాలు ఇవ్వడం కష్టం. అందుకే ఈ మాట డబ్బు ఇచ్చేవాళ్ళ ముందే అడుగుతున్నాను. ఇక్కడి నుంచి వెళ్ళేలోపు బయట బల్ల మీద పెట్టిన పుస్తకంలో పేరు, ఏ శనివారం వీలవుతుందో రాసి వెళ్ళండి. మొదటి పేజీలో మొదటి పేరు నాది రాసే వచ్చాను, రెండో వరస ఖాళీగా ఉంది.